సాగే లోహంలో పగులు ఎప్పుడు కదిలింది? జె టెస్ట్ చేసే పద్ధతి

పెళుసు లోహంలో పగులు కదిలిన క్షణం ఎవరికైనా తెలుస్తుంది. ఠప్‌మని శబ్దం వస్తుంది, లోడ్ పడిపోతుంది, స్పెసిమెన్, అంటే పరీక్షకు తీసిన నమూనా, రెండు ముక్కలవుతుంది. పైపుల స్టీలు, స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం లాంటి సాగే లోహాల్లో అలాంటి క్షణం ఉండదు. లోడ్ పెరుగుతూనే ఉంటుంది. పగులు కొస మొద్దుబారుతుంది. లోహం లోపల, మందం మధ్యలో, ఇంక్లూజన్లు అనే మలినపు రేణువుల చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు పుట్టి, పెరిగి, పగులుతో కలుస్తాయి. బయట గ్రాఫ్ మీద ఏ గుర్తూ కనిపించదు. గరిష్ఠ లోడ్ వచ్చేసరికి పగులు చాలా వరకు కదిలే ఉంటుంది. కాబట్టి గరిష్ఠ లోడ్‌ను పగులు మొదలైన చోటుగా తీసుకోకండి. కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

పగులు నిజంగా ఎప్పుడు మొదలైందో కొలిచేది జె టెస్ట్. ఈ కొలత ఎక్కడ అవసరమవుతుందో ఒక నిజమైన ఉదాహరణతో చూద్దాం. మన దేశంలోని భారజల అణు రియాక్టర్లలో వేడి భారజలాన్ని మోసే ప్రైమరీ పైపులకు ఎస్ఏ 333 గ్రేడ్ 6 అనే కార్బన్ స్టీలు వాడతారు. అలాంటి పైపులో పగులు ఉన్నా, పైపు ఒక్కసారిగా తెగిపోకముందే నీరు కారి పట్టుబడుతుందని లెక్కతో నిరూపించాలి. దీన్నే లీక్ బిఫోర్ బ్రేక్ అంటారు. ఆ లెక్కలో రెండు విషయాలు కావాలి: పగులు ఎంత బలానికి కదలడం మొదలుపెడుతుంది, కదిలాక ఎంత నిరోధం చూపిస్తుంది. రెండూ ఒకే టెస్ట్‌లో వస్తాయి. నేను ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఈ రకం స్టీలును మనసులో పెట్టుకుని, గది ఉష్ణోగ్రత దగ్గర చేసే టెస్ట్‌కు వేసినవి.

ఏం కొలుస్తున్నారో ముందు తేల్చుకోండి

1968లో జేమ్స్ రైస్ జె ఇంటెగ్రల్‌ను ప్రతిపాదించారు. పగులు కొస చుట్టూ ప్లాస్టిక్ డిఫర్మేషన్ (లోడ్ తీసేసినా పోని సాగుడు) బాగా ఉన్నా, పగులును ముందుకు తోసే శక్తి ఎంతుందో ఒక్క సంఖ్యలో చెప్పగలిగే కొలత అది. 1972లో బెగ్లీ, లాండెస్ ఆ సంఖ్యను పగులు మొదలవడానికి ప్రమాణంగా వాడొచ్చని ప్రయోగాలతో చూపించారు. తర్వాత 1981లో అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం నుంచి ఈ813 ప్రమాణం వచ్చింది. ఇప్పుడు అందరూ వాడే ఈ1820 దాని స్థానంలో ఉంది. యూరప్‌తో పాటు మరికొన్ని చోట్ల ఐఎస్ఓ 12135 వాడతారు.

జె యూనిట్ చదరపు మీటరుకు కిలోజౌళ్లు. అదే సంఖ్యను మిల్లీమీటరుకు న్యూటన్లుగా కూడా రాయొచ్చు, విలువ మారదు. లెక్కల్లో రెండోదే సులువు.

పాల ప్యాకెట్‌కు చిన్న కోత పెట్టి రెండు వైపులా లాగి చూడండి. కోత కొస వెంటనే చిరగదు. ముందు సాగి గుండ్రబడుతుంది, ఆ తర్వాతే చిరుగు ముందుకు పోతుంది. సాగే లోహంలోనూ రెండు దశలుంటాయి. మొదటి దశలో కొస సాగి కాస్త ముందుకు జరుగుతుంది, కానీ లోహం ఇంకా తెగలేదు. దీన్ని బ్లంటింగ్ అంటారు. రెండో దశలో నిజంగా తెగుతుంది. మన పరికరాలు ఈ రెండింటినీ వేరు చేసి చూపించలేవు, మొత్తం ముందుకు జరిగిన దూరాన్నే చూపిస్తాయి. అందుకే జె పెరిగేకొద్దీ పగులు పొడవు ఎంత మారిందో గ్రాఫ్ గీసి, అందులో బ్లంటింగ్ భాగాన్ని ఒక గీతతో తీసేసి, మిగతా భాగం నుంచి మొదలైన చోటును నిర్ణయిస్తాం. ఆ నిర్ణయంలో ఒక ఒప్పందం దాగి ఉంది. ఆ ఒప్పందం ఏమిటో తెలియకుండా వచ్చిన సంఖ్యను నమ్మకూడదు. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

స్పెసిమెన్ తీయడం

అదే లోహం మీద, అదే దిశలో, అదే ఉష్ణోగ్రత దగ్గర టెన్సైల్ టెస్ట్ (కడ్డీని తెగేదాకా లాగి చూసే పరీక్ష) ముందే చేసి పెట్టుకోండి. యీల్డ్ స్ట్రెంగ్త్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్), అల్టిమేట్ స్ట్రెంగ్త్ (లోహం మోసే గరిష్ఠ స్ట్రెస్) రెండూ కావాలి. వాటి సగటును ఫ్లో స్ట్రెస్ అంటారు. మన ఉదాహరణకు యీల్డ్ 300 మెగాపాస్కల్స్, అల్టిమేట్ 460 అనుకుందాం. ఫ్లో స్ట్రెస్ 380 అవుతుంది. స్టీలు ఫ్యాక్టరీ ఇచ్చే మిల్ సర్టిఫికెట్‌లోని విలువలతో సరిపెట్టుకోకండి. బ్లంటింగ్ గీత వాలు మొత్తం ఈ సంఖ్య మీదే ఆధారపడుతుంది.

కాంపాక్ట్ టెన్షన్ స్పెసిమెన్ ఎక్కువమంది వాడే ఆకారం. ల్యాబ్‌లో సీటీ అంటారు. ఒకవైపు నుంచి కోత పెట్టిన చదరపు ముక్క ఇది, కోతకు పైనా కిందా రంధ్రాల్లో పిన్నులు పెట్టి లాగుతారు. పిన్ రంధ్రాల మధ్య గీత నుంచి వెనక అంచు దాకా ఉన్న వెడల్పు 50 మి.మీ., మందం 25 మి.మీ. తీసుకుంటే చూడటానికి, పట్టుకోవడానికి, లెక్కకు అన్నిటికీ సౌకర్యం. అప్పుడు మొత్తం ఎత్తు 60, మొత్తం వెడల్పు 62.5, పిన్ రంధ్రం వ్యాసం 12.5 మి.మీ. అవుతాయి. పైపు గోడ అంత మందం లేకపోతే సన్నటి స్పెసిమెన్ చేయొచ్చు, కానీ చివర్లో వచ్చే సైజు షరతు దాటాలి.

దిశ విషయంలో తొందరపడొద్దు. పైపు చుట్టూ తిరిగే పగులు కావాలంటే లోడ్ పైపు పొడవు వెంబడి ఉండాలి, పగులు చుట్టుకొలత దిశలో పెరగాలి. పైపు పొడవునా పోయే పగులు కావాలంటే దీనికి తిరగేసి ఉండాలి. పైపు తయారీలో మాంగనీస్ సల్ఫైడ్ ఇంక్లూజన్లు పొడవునా సాగి ఉంటాయి. పగులు వాటి వెంబడి పోతే సులువుగా పెరుగుతుంది. అంటే పొడవునా పోయే పగులుకు టఫ్‌నెస్, అంటే పగులును అడ్డుకునే గుణం, తక్కువ వస్తుంది. ఒకే పైపు నుంచి రెండు దిశల్లో తీసిన స్పెసిమెన్లను కలిపి సగటు తీస్తే ఆ సగటు దేనికీ పనికిరాదు. మెషీన్ షాప్‌కు పంపేముందే ముక్క మీద దిశను పంచ్‌తో గుర్తు పెట్టండి, పెయింట్ చెరిగిపోతుంది.

నాచ్‌ను, అంటే పగులుకు ఆధారమయ్యే కోతను, వైర్ కటింగ్‌తో చేయించండి. కోత నోరు ఎంత తెరుచుకుందో కొలిచే క్లిప్ గేజ్‌ను లోడ్ లైన్ (పిన్నుల మధ్య గీత) మీదే పెట్టేలా నాచ్ నోరు తగినంత వెడల్పుగా, కత్తి అంచులతో ఉండాలి. లోడ్ లైన్ దగ్గరే డిస్‌ప్లేస్‌మెంట్ (కదిలిన దూరం) కొలిస్తే జె లెక్క నేరుగా వస్తుంది, మార్పిడి సూత్రాల అవసరం ఉండదు.

ప్రీక్రాక్

వైర్‌తో కోసిన నాచ్ ఎంత సన్నగా ఉన్నా నిజమైన పగులు కాదు. ఫ్యాటిగ్ లోడింగ్‌తో, అంటే లోడ్‌ను వేలసార్లు ఎక్కించి దించి, దాని కొస నుంచి పదునైన పగులును పెంచాలి. దీన్నే ప్రీక్రాక్ అంటారు. నాచ్, ప్రీక్రాక్ కలిపి మొత్తం పొడవు, వెడల్పులో 0.45 నుంచి 0.70 మధ్య ఉండాలి. నేనైతే 0.55 దగ్గర ఆపమంటాను. అంటే 27.5 మి.మీ. పగులు, ఇంకా 22.5 మి.మీ. తెగని భాగం. ఈ తెగని భాగాన్ని లిగమెంట్ అంటారు.

లోడ్ ఎంత పెట్టాలి? సీటీకి ప్రమాణం ఇచ్చే పరిమితి ఇలా లెక్కవుతుంది: 0.4ను మందంతో, లిగమెంట్ వర్గంతో, ఫ్లో స్ట్రెస్‌తో గుణించి, వచ్చినదాన్ని వెడల్పుకు రెట్టింపు ప్లస్ పగులు పొడవుతో భాగించాలి. మన అంకెలు వేస్తే దాదాపు 15 కిలోన్యూటన్లు వస్తుంది. ప్రీక్రాకింగ్ గరిష్ఠ లోడ్ దీని లోపల ఉండాలి. కనిష్ఠ లోడ్ గరిష్ఠంలో పదోవంతు పెట్టండి. మొదట్లో కాస్త ఎక్కువ లోడ్‌తో మొదలుపెట్టి, పగులు పెరిగేకొద్దీ మెట్లుమెట్లుగా తగ్గించండి. చివరి మిల్లీమీటరును 10 కిలోన్యూటన్ల దగ్గర పూర్తిచేస్తే కొస దగ్గర ప్లాస్టిక్ జోన్ చిన్నగా ఉంటుంది.

ఇక్కడ అరగంట ఆదా చేయాలని లోడ్ పెంచేవాళ్లున్నారు. అలా చేస్తే టెస్ట్ మొదలవకముందే కొస మొద్దుబారిపోతుంది. అప్పుడు వచ్చే జె విలువ పెద్దగా, అందంగా ఉంటుంది, కానీ అసలు పైపులో ఉండే పదునైన పగులుకు అది వర్తించదు. భద్రత లెక్కలో ఇది ప్రమాదకరమైన దిశలో తప్పు. రెండు పక్కలా పగులు సమానంగా పెరుగుతోందో లేదో ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌తో చూస్తూ ఉండండి. ఒకవైపు ముందుకు పోతుంటే స్పెసిమెన్‌ను తిప్పి పెట్టండి.

సైడ్ గ్రూవ్‌లు

ప్రీక్రాక్ పూర్తయ్యాక రెండు పక్కలా పగులు దారి వెంట గాడులు పెట్టించండి. ఒక్కోవైపు మందంలో 10 శాతం, అంటే మన స్పెసిమెన్‌కు 2.5 మి.మీ. లోతు. మధ్యలో 20 మి.మీ. నికర మందం మిగులుతుంది. మొత్తం తగ్గింపు 25 శాతం దాటకూడదు. గాడి అడుగు గుండ్రం 0.5 మి.మీ. వ్యాసార్ధం దగ్గర ఉండాలి.

గాడులు లేకపోతే ఏమవుతుంది? మందం మధ్యలో లోహం అన్ని వైపుల నుంచీ బిగుసుకుని ఉంటుంది, అక్కడ రంధ్రాలు త్వరగా పెరుగుతాయి. పక్కల్లో ఆ బిగువు ఉండదు. దాంతో పగులు మధ్యలో సొరంగంలా ముందుకు పోతుంది, అంచుల దగ్గర వెనకబడుతుంది. గాడులు పెడితే పగులు అంచు తిన్నగా, మందం అంతటా సమానంగా ముందుకు కదులుతుంది, పొడవు కొలత అర్థవంతంగా ఉంటుంది. ప్రీక్రాక్‌కు ముందే గాడి పెడితే పక్కన పగులు కనిపించదు, అందుకే ఈ వరుస.

మెషీన్ సిద్ధం చేయడం

ఒక్క స్పెసిమెన్‌తో మొత్తం గ్రాఫ్ తీసే పద్ధతిని అన్‌లోడింగ్ కంప్లయన్స్ అంటారు. మధ్యమధ్యలో లోడ్ కొంచెం దించి, మళ్లీ ఎక్కిస్తాం. ఆ చిన్న దింపుడు గీత వాలు నుంచి, అంటే స్పెసిమెన్ ఎంత మెత్తబడిందో దాని నుంచి, పగులు పొడవు లెక్కిస్తాం. పగులు పెరిగితే స్పెసిమెన్ మెత్తబడుతుంది.

ఎంత మెత్తబడుతుందో చూడండి. గాడులు లేవనుకుని సులువుగా లెక్క వేస్తే, 5 కిలోన్యూటన్లు దించినప్పుడు లోడ్ లైన్ దగ్గర స్పెసిమెన్ మూసుకునేది సుమారు 0.046 మి.మీ. పగులు 0.1 మి.మీ. పెరిగితే ఆ కదలికలో మార్పు దాదాపు 1 శాతం, అంటే అర మైక్రాన్. మనం వెతుకుతున్న సంగతంతా మొదటి అర మిల్లీమీటరు పెరుగుదలలోనే ఉంది. కాబట్టి వాలు కొలతలో 1 శాతం చెదురు ఉంటే పాయింట్లన్నీ 0.1 మి.మీ. అటూ ఇటూ చెల్లాచెదురవుతాయి, గ్రాఫ్‌కు అర్థం ఉండదు. ఈ లెక్క ఒకసారి మీ చేత్తో వేసుకోండి. పిన్నుల శుభ్రత మీద ఎందుకింత పట్టుదల అన్న ప్రశ్న ఇక రాదు.

స్పెసిమెన్‌ను పిన్నులతో పట్టుకునే మెషీన్ చేతుల్లోని, అంటే క్లెవిస్‌లలోని, రంధ్రాల అడుగు చదునుగా ఉండాలి, పిన్ను దొర్లాలి కానీ రాపిడితో పట్టుకోకూడదు. గీతలు పడ్డ పిన్నులు పక్కన పడేయండి. పిన్ను మీద పల్చగా మాలిబ్డినం డైసల్ఫైడ్ గ్రీజు రాయండి. క్లిప్ గేజ్ కత్తి అంచుల్లో గట్టిగా కూర్చుందో లేదో వేలితో మెల్లగా తట్టి చూడండి, సిగ్నల్ అదే విలువకు తిరిగి రావాలి. సాగే స్టీలుకు గేజ్ కొన్ని మిల్లీమీటర్లు తెరుచుకోవాలి, మధ్యలో పరిధి దాటితే టెస్ట్ పోయినట్టే. ఏసీ గాలి నేరుగా గేజ్ మీద పడకుండా చూడండి.

అసలు టెస్ట్‌కు ముందు ప్రీక్రాకింగ్ లోడ్ దాటకుండా కనీసం మూడుసార్లు దించి ఎక్కించండి. ప్రతిసారీ పగులు పొడవు లెక్కించండి. ఏ విలువా సగటు నుంచి వెడల్పులో 0.002 వంతు, అంటే మన స్పెసిమెన్‌కు 0.1 మి.మీ. కంటే ఎక్కువ తేడా చూపకూడదు. చూపిస్తే ముందుకు పోవద్దు. పిన్నులు, అమరిక, గేజ్ సరిచేసి మళ్లీ మొదలుపెట్టండి.

టెస్ట్ నడపడం

డిస్‌ప్లేస్‌మెంట్ కంట్రోల్‌లో, అంటే లోడ్‌ను కాక కదిలే దూరాన్ని అదుపు చేస్తూ, నెమ్మదిగా లాగండి. లోడ్ కంట్రోల్‌లో ఎప్పుడూ చేయకండి, గరిష్ఠ లోడ్ దాటగానే స్పెసిమెన్ చేయి జారిపోతుంది.

ప్రతి దింపుడుకు ముందు కాసేపు ఆపండి. సాగే లోహంలో కదలిక ఆపినా లోడ్ కొంచెం జారుతూ ఉంటుంది. అది స్థిరపడకముందే దించితే గీత పైభాగం వంకరగా వస్తుంది, వాలు తప్పుతుంది. వాలు లెక్కలో ఆ పై కొసను వదిలేయడం మంచిది. దింపుడు ఆ సమయంలో ఉన్న లోడ్‌లో సగానికి మించకూడదు. ఎక్కువ దించితే రివర్స్ ప్లాస్టిసిటీ (కొస దగ్గర లోహం వెనక్కి నొక్కుకుని శాశ్వతంగా మారడం) వచ్చి పగులు కొస పరిస్థితే మారిపోతుంది.

దింపుళ్లు ఎక్కడ దగ్గరదగ్గరగా ఉండాలి? గ్రాఫ్ మొదటి భాగంలో. చాలామంది సమాన దూరాల్లో ముప్పై నలభై దింపుళ్లు ప్రోగ్రాం చేసి వెళ్లిపోతారు. పగులు మొదలయ్యే చోట మూడు నాలుగు పాయింట్లే పడతాయి, అవసరం లేని చివరి భాగంలో మాత్రం గుంపుగా ఉంటాయి. కచ్చితమైన మొదటి పొడవు లెక్కించడానికి గరిష్ఠ లోడ్‌కు ముందు కనీసం ఎనిమిది పాయింట్లు కావాలి. వాటిలో కనీసం మూడు, చివరికి వచ్చే జె విలువలో 0.4 వంతు నుంచి ఆ విలువ దాకా ఉన్న భాగంలో పడాలి. చివరి విలువ ముందే తెలియదు కాబట్టి మొదటి స్పెసిమెన్‌ను కాస్త ధారాళంగా, ఎక్కువ దింపుళ్లతో చేయండి. రెండో స్పెసిమెన్ నాటికి ఎక్కడ చిక్కగా పెట్టాలో తెలిసిపోతుంది.

మొదటి కొన్ని దింపుళ్లలో పగులు వెనక్కి తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడకండి, అలాగని వదిలేయకండి. పిన్ను రాపిడి, అమరిక లోపం దీనికి సాధారణ కారణాలు. కొంచెమే అయితే మొదటి పొడవును అన్ని తొలి పాయింట్ల ఫిట్ నుంచి తీసే పద్ధతి ప్రమాణంలోనే ఉంది. ఆ ఫిట్ కొరిలేషన్ (పాయింట్లు వక్రానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే సంఖ్య, పూర్తిగా కలిస్తే 1) 0.96 కంటే తక్కువైతే ఆ టెస్ట్ చెల్లదు. కంటికి నచ్చని పాయింట్లను చేత్తో తీసేసి 0.96 తెప్పించడం మోసం, అంతకన్నా మెత్తటి మాట దానికి లేదు.

విరిచి, కొలిచి చూడటం

టెస్ట్ ఆపాక లోడ్ పూర్తిగా దించి, స్పెసిమెన్‌ను ఫర్నేస్‌లో 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచండి. కొత్తగా తెగిన ఉపరితలం మీద రంగు పొర ఏర్పడుతుంది. తర్వాత లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి విరిచేయండి. కార్బన్ స్టీలు ఆ చలికి పెళుసుబారి తెగుతుంది, ఆ భాగం మెరుస్తూ ఉంటుంది. మధ్యలో రంగు పట్టీ మన పగులు పెరుగుదల. చేతులకు క్రయో గ్లౌజులు, కళ్లకు ఫేస్ షీల్డ్ లేకుండా నైట్రోజన్ దగ్గరకు వెళ్లొద్దు. గాలి ఆడని గదిలో అసలు చేయొద్దు.

ఆస్టెనైటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం ఎంత చల్లబరిచినా పెళుసుబారవు. వాటికి టెస్ట్ తర్వాత మళ్లీ ఫ్యాటిగ్ పెట్టి పగులు చివర గుర్తించి, ఆపైన విరవాలి.

ప్రీక్రాక్ అంచును, పెరుగుదల అంచును మందం పొడవునా సమాన దూరాల్లో తొమ్మిది చోట్ల కొలవండి. రెండు చివరి కొలతల సగటును ఒక విలువగా తీసుకుని, మిగతా ఏడింటితో కలిపి ఎనిమిదింటి సగటు తీయాలి. కంప్లయన్స్ చెప్పిన చివరి పెరుగుదలకు, కంటితో కొలిచినదానికి తేడా ఎంత వచ్చిందో చూడండి. పెరుగుదల లిగమెంట్‌లో 0.2 వంతు లోపు ఉంటే ఆ తేడా పెరుగుదలలో 15 శాతం దాటకూడదు. ఈ పోలిక ఎప్పుడూ వదలకండి. కంప్యూటర్ గీసిన నున్నటి వక్రం కంటే విరిగిన ముక్క మీద కనిపించే పట్టీయే నాకు పెద్ద సాక్ష్యం.

గ్రాఫ్ నుంచి విలువ తీయడం

ప్రతి దింపుడు దగ్గర జె రెండు భాగాలు. ఎలాస్టిక్ భాగం స్ట్రెస్ ఇంటెన్సిటీ (పగులు కొస దగ్గర స్ట్రెస్ ఎంత పోగవుతుందో చెప్పే కొలత) నుంచి వస్తుంది. ప్లాస్టిక్ భాగానికి లోడ్, డిస్‌ప్లేస్‌మెంట్ గ్రాఫ్ కింద ఉన్న ప్లాస్టిక్ వైశాల్యాన్ని నికర మందం, లిగమెంట్‌ల లబ్ధంతో భాగించి ఒక గుణకంతో గుణిస్తారు. సీటీకి ఆ గుణకం 2 ప్లస్ లిగమెంట్, వెడల్పుల నిష్పత్తికి 0.522 రెట్లు, మన స్పెసిమెన్‌కు దాదాపు 2.23. పగులు పెరుగుతూ ఉంటుంది కాబట్టి ప్రతి మెట్టు దగ్గర దీన్ని సరిచేస్తూ పోవాలి. ఈ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, అయినా రెండు పాయింట్లకు చేత్తో లెక్కేసి సరిచూడండి. మందం పెట్టాల్సిన చోట నికర మందం, నికర మందం పెట్టాల్సిన చోట మందం పడటం చాలా మామూలు పొరపాటు.

ఇప్పుడు జెను నిలువుగా, పెరుగుదలను అడ్డంగా వేసి పాయింట్లు పెట్టండి. బ్లంటింగ్ గీత గీయండి. ఏఎస్‌టీఎం ప్రకారం దాని వాలు ఫ్లో స్ట్రెస్‌కు రెండు రెట్లు, మన స్టీలుకు 760. దానికి సమాంతరంగా 0.15, 0.2, 0.5, 1.5 మి.మీ. దూరాల్లో నాలుగు గీతలు గీయండి. 0.15, 1.5 గీతల మధ్య పడ్డ పాయింట్లనే వాడాలి. వాటిలో కనీసం ఒకటి 0.15, 0.5ల మధ్య, కనీసం ఒకటి 0.5, 1.5ల మధ్య ఉండాలి. మొత్తం కనీసం ఐదు. ఆ పాయింట్ల గుండా పవర్ లా వక్రం (జె = స్థిరాంకం × పెరుగుదల ఘాతం రూపంలోది) ఫిట్ చేయండి. ఆ వక్రం 0.2 గీతను కోసిన చోట ఉన్న జె మీకు కావాల్సిన విలువ. ఇంకా తాత్కాలికమే.

మన ఉదాహరణలో అది మిల్లీమీటరుకు 250 న్యూటన్లు వచ్చిందనుకోండి. లిగమెంట్, మందం రెండూ జెను ఫ్లో స్ట్రెస్‌తో భాగించగా వచ్చినదానికి పది రెట్ల కన్నా ఎక్కువ ఉండాలి. ఇక్కడ అది 6.6 మి.మీ., మన లిగమెంట్ 22.5 కాబట్టి చెల్లుతుంది. పాత ప్రమాణంలో పది బదులు ఇరవై ఐదు రెట్లు ఉండేది, దాని ప్రకారం 16.4 మి.మీ. అయినా చెల్లుతుంది. అన్ని షరతులూ దాటితేనే దాన్ని జె వన్ సీ, అంటే ఆ లోహంలో పగులు ఆరంభానికి అధికారిక విలువ, అని పిలవండి. ప్లేన్ స్ట్రెయిన్ స్ట్రెస్ ఇంటెన్సిటీగా మార్చితే సుమారు 238 మెగాపాస్కల్ రూట్ మీటర్ వస్తుంది.

ఒప్పందం ఎక్కడుంది

ఆ 0.2 మి.మీ. ఆఫ్‌సెట్ ప్రకృతి ఇచ్చింది కాదు. టెన్సైల్ టెస్ట్‌లో 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్ లాంటిదే ఇది. అందరూ ఒకే చోట కొలవాలని పెట్టుకున్నారు. ఆ విలువ దగ్గర పగులు ఇప్పటికే 0.2 మి.మీ. నిజంగా చిరిగి ఉంటుంది.

బ్లంటింగ్ గీత వాలు కూడా ఒప్పందమే, దాని ప్రభావం ఇంకా ఎక్కువ. ఐఎస్ఓ 12135లో ఆ వాలు అల్టిమేట్ స్ట్రెంగ్త్‌కు 3.75 రెట్లు. మన స్టీలుకు 1725 అవుతుంది, ఏఎస్‌టీఎం గీత కంటే రెట్టింపుకు పైగా నిటారు. ఇంతకుముందు 250 ఇచ్చిన వక్రాన్నే తీసుకుని, దాని ఘాతాంకం 0.6 అనుకుని ఈ గీతకు 0.2 మి.మీ. ఆఫ్‌సెట్‌తో కోస్తే వచ్చేది దాదాపు 180. స్టీలు మారలేదు, స్పెసిమెన్ మారలేదు, ఒక్క పాయింట్ కూడా మారలేదు. రెండు రిపోర్టుల్లోని జె విలువలను పక్కపక్కన పెట్టి ఈ స్టీలు ఆ స్టీలు కన్నా మంచిదని తేల్చేముందు ఏ గీతతో కోశారో అడగండి. 304, 316 లాంటి బాగా గట్టిపడే స్టెయిన్‌లెస్ స్టీళ్లకు రెండు రెట్ల వాలు అసలు సరిపోదు, నిజమైన బ్లంటింగ్ వాలు నాలుగు రెట్ల దగ్గర ఉంటుంది. అలాంటప్పుడు వాలును మీ పాయింట్ల నుంచే తీయడానికి ఈ1820 అనుమతిస్తుంది.

పగులు నిజంగా చిరగడం మొదలైన చోటే కావాలంటే స్ట్రెచ్ జోన్‌ను కొలవాలి. విరిగిన ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే ఒకవైపు చదునైన ఫ్యాటిగ్ ఉపరితలం, మరోవైపు గుంతలు గుంతలుగా డింపుల్స్, రెండింటి మధ్య నునుపుగా సాగిన సన్నటి పట్టీ కనిపిస్తాయి. ఆ పట్టీయే బ్లంటింగ్ మిగిల్చిన ఆనవాలు. దాని వెడల్పు ముక్క అంతటా ఒకేలా ఉండదు, కాబట్టి అంచు పొడవునా చాలా చోట్ల కొలిచి సగటు తీయండి. గ్రాఫ్ మీద అడ్డంగా ఆ వెడల్పు దగ్గర నిలువు గీత గీసి, వక్రాన్ని ఎక్కడ తాకుతుందో చూస్తే నిజమైన ఆరంభానికి దగ్గరి జె వస్తుంది. అది జె వన్ సీ కంటే తక్కువే వస్తుంది. ఓపిక కావాలి, మైక్రోస్కోప్ సమయం కావాలి, చూసే మనిషిని బట్టి పట్టీ అంచు కాస్త మారుతుంది కూడా. అయినా నా అభిప్రాయంలో ఒక కొత్త స్టీలు మీద మొదటిసారి పనిచేసేవాళ్లు కనీసం రెండు స్పెసిమెన్లకు ఇది చేసి తీరాలి. పగులు ఆ లోహంలో ఎలా మొదలవుతుందో కళ్లతో చూసినవాళ్లకు గ్రాఫ్‌లోని ప్రతి వంపూ అర్థమవుతుంది.

వేరే దారులు

కంప్లయన్స్ కొలిచే సదుపాయం లేకపోతే ఒకేలాంటి ఆరేడు స్పెసిమెన్లు తీసుకుని, ఒక్కోదాన్ని ఒక్కో డిస్‌ప్లేస్‌మెంట్ దాకా లాగి ఆపి, రంగు పట్టించి విరిచి కొలవండి. ఒక్కో స్పెసిమెన్ ఒక్కో పాయింట్ ఇస్తుంది. లోహం ఎక్కువ ఖర్చవుతుంది, కానీ ప్రతి పాయింట్ కంటితో కొలిచినదే, ఎలక్ట్రానిక్స్ మీద అనుమానం ఉండదు.

వేడి దగ్గర చేసే టెస్టులకు డైరెక్ట్ కరెంట్ పొటెన్షియల్ డ్రాప్ బాగా ఉపయోగపడుతుంది. స్పెసిమెన్ గుండా స్థిరమైన కరెంట్, మామూలుగా పది ఆంపియర్లో ఇంకొంచెం ఎక్కువో పంపి, పగులుకు అటూ ఇటూ వోల్టేజ్ కొలుస్తారు. పగులు పెరిగితే వోల్టేజ్ పెరుగుతుంది. మార్పు మైక్రోవోల్టుల్లో ఉంటుంది, వైరు కీలు దగ్గర ఒక డిగ్రీ తేడా వచ్చినా అంత వోల్టేజ్ పుడుతుంది. అందుకే కరెంట్ దిశను మార్చిమార్చి కొలిచి సగం తేడా తీసుకోవాలి. స్పెసిమెన్‌ను మెషీన్ నుంచి విద్యుత్తు పరంగా వేరు చేయడం మర్చిపోవద్దు, లేకపోతే కరెంట్ కాలమ్ గుండా పోతుంది. వోల్టేజ్ వాలు మారిన చోటును పగులు ఆరంభంగా చదవాలనిపిస్తుంది. అక్కడ జాగ్రత్త: ప్లాస్టిక్ డిఫర్మేషన్, బ్లంటింగ్ కూడా వోల్టేజ్‌ను పెంచుతాయి. ఆ వంపును ఒకటి రెండు స్పెసిమెన్లు మధ్యలో ఆపి విరిచి నిర్ధారించుకోండి.

ఎకౌస్టిక్ ఎమిషన్‌ను ఈ పనికి నేను సిఫార్సు చేయను. రంధ్రాలు కలిసి పెరిగే చిరుగు చప్పుడు చేయదు. వినిపించే వాటిలో ఎక్కువ భాగం ఇంక్లూజన్లు విరగడం, పిన్నులు రాసుకోవడం.

కార్బన్ స్టీలును గది ఉష్ణోగ్రత దగ్గరే పరీక్షించి ఆగిపోవద్దు. 200 నుంచి 300 డిగ్రీల మధ్య డైనమిక్ స్ట్రెయిన్ ఏజింగ్ (సాగుతుండగానే కార్బన్, నైట్రోజన్ అణువులు లోహం కదలికను పట్టి ఆపడం) వల్ల ఈ స్టీళ్ల పగులు నిరోధం తగ్గుతుంది. రియాక్టర్ పైపులు పనిచేసేది సరిగ్గా ఆ వేడి దగ్గరే. టెన్సైల్ గ్రాఫ్‌లో రంపం పళ్లలాంటి వణుకు కనిపిస్తే అది దాని గుర్తు. వేడికి టఫ్‌నెస్ పెరుగుతుందన్న మామూలు నమ్మకం ఇక్కడ పనిచేయదు.

రిపోర్టులో ఏముండాలి

ఒక్క జె విలువ రాసి సంతకం పెట్టకండి. స్పెసిమెన్ దిశ, ఉష్ణోగ్రత, గాడుల లోతు, ప్రీక్రాక్ చివరి లోడ్, వాడిన యీల్డ్, అల్టిమేట్ విలువలు, బ్లంటింగ్ గీత వాలు, ఆఫ్‌సెట్, పవర్ లా రెండు స్థిరాంకాలు, కంటితో కొలిచిన మొదటి, చివరి పొడవులు రాయండి. ఏదైనా షరతు దాటకపోతే విలువను తాత్కాలికమని స్పష్టంగా రాసి, ఏ షరతు దాటలేదో చెప్పండి. మొత్తం పాయింట్ల పట్టికను జత చేయండి. ఎవరైనా రేపు వేరే గీతతో కోసి చూడాలంటే అది ఉంటేనే కుదురుతుంది. విరిగిన ముక్కలను తుడవకుండా, తాకకుండా సిలికా జెల్ వేసిన డబ్బాలో, స్పెసిమెన్ నంబరు రాసి దాచండి. తుప్పు పట్టిన ఉపరితలం మీద స్ట్రెచ్ జోన్ కనపడదు.